రోడ్డు మీది గీత – చేతికి వచ్చిన చలానా



గీత యన్నచో మన జనులకు గల గౌరవము వింతయైనది. వాకిట ముగ్గు గీతను త్రొక్కుటకు ఇంటివారెవరు నిష్టపడరు. లక్ష్మణుడు గీచిన గీత వాల్మీకి రామాయణమున కానరాకపోయినను, జనుల నోట మాత్రము చెరగక నిలిచినది. పొలము గట్టు జానెడు జరిగినచో అన్నదమ్ములు కచేరి కెక్కుదురు. ఇట్టి మనము, నడివీధిలో ప్రభుత్వము గీయించిన తెల్లగీతను మాత్రము దినమునకు పదిసార్లు దాటిపోవుచు, అది ఎందుకున్నదో యని కూడ తలంపము. ఒకనాడు సెల్‌ఫోనులో సందేశము వచ్చును: మీ వాహనము ఫలాని కూడలివద్ద లేను నిబంధన నతిక్రమించినది, జరిమానా చెల్లింపవలెను అని. అంతట ఇంటిలో కలకలము పుట్టును. తండ్రి కుమారుని వంక చూచును. కుమారుడు ఆ రోజు బండి నడిపినది తాను కాదనును. తల్లి, పొరుగింటివారికి గూడ ఇట్టిదే వచ్చినదట, వారేమియు చేయలేదట, అనును. చివరకు ఆ సందేశము చదువబడక, చెల్లింపబడక, మరువబడక, ఇంటిలో ఒక మూల నిలిచిపోవును.

ఆ గీత ఎందుకు పుట్టినది, దానిని దాటుట ఎప్పుడు తప్పగును, చలానా వచ్చినపుడు గృహస్థు చేయదగినదేమి, చేయరానిదేమి – ఇవి నేటి ప్రసంగమునకు విషయములు.

మొదట గీత పుట్టుక. మోటారుబండ్లు వచ్చిన తొలిదినములలో రోడ్డునకు నడుము గుర్తు లేదు. ఎదురెదురుగా వచ్చు బండ్లు రెండును నడిరోడ్డునే కోరును. చివరిక్షణమున ఎవరు తప్పుకొనవలెనో తెలియక ఢీకొనును. అమెరికా దేశమున మిషిగన్ రాష్ట్రమునందలి వేన్ కౌంటీలో రోడ్ల కమిషను సభ్యుడు ఎడ్వర్డ్ హైన్స్ అనునాతడు 1911 లో ఒక రోడ్డుకు నడిగీత గీయించెను. పాలబండి నుండి కారిన పాలు రోడ్డు పొడవున తెల్లని చారగా నిలుచుట చూచి అతని కీ యూహ తోచినదని చెప్పుకొందురు. కాలిఫోర్నియాలో ఇండియో పట్టణ ప్రాంతమున వైద్యము చేయుచుండిన జూన్ మెక్కారల్ అను వైద్యురాలు, 1917 లో తన కారును ఎదురుగా వచ్చిన లారీ రోడ్డు దిగజేయగా, ఆ అనుభవముతో నడిగీత కొరకు పట్టుబట్టెను. స్త్రీల సంఘముల తోడ్పాటుతో ఆమె ఏండ్ల తరబడి చేసిన ప్రయత్నము ఫలించి, 1924 లో ఆ రాష్ట్రపు రహదారుల శాఖ నడిగీతను అంగీకరించెను. కావున ఈ గీత కేవలము ప్రభుత్వోద్యోగులు తమ అధికారము చూపుటకు గీచినది కాదు. ప్రాణాపాయమునుండి బయటపడిన ఒక స్త్రీ కోరి గీయించినది.

ఇక గీతల భాష. రోడ్డు మీద గీత తెగి తెగి ఉన్నచో, ఎదుట, వెనుక చూచి, సైగ చూపి, అవసరమైనపుడు దాటవచ్చునని అర్థము. గీత తెగక నిండుగా సాగినచో దాటరాదని అర్థము. రెండు నిండుగీతలు జంటగా ఉన్నచో, ఆ నిషేధము మరింత గట్టిదని గ్రహింపవలెను. ఒకటి నిండు, ఒకటి తెగినది జంటగా ఉన్నచో, ఎవరి ప్రక్క తెగిన గీత గలదో వారికి మాత్రమే దాటుటకు వీలు. నిండుగీత ప్రక్క నున్నవారికి లేదు. కూడలికి సమీపమున తెగిన గీతలు నిండుగీతలుగా మారుట అందరును చూచియే యుందురు. ఎటు తిరుగదలచినవారు అటు ప్రక్క వరుసలోనికి ముందుగానే చేరవలెను, చివరిక్షణమున అడ్డముగా దూరరాదు, అని ఆ మార్పునకు తాత్పర్యము. ఫ్లైఓవరు ఎక్కుచోట, దిగుచోట గూడ ఇదే నియమము.

నిండుగీతను మలుపులవద్దను, ఎత్తు ఎక్కి దిగు చోట్లను, వంతెనల మీదను గీయుదురు. కారణము చిన్న లెక్కతో తేలును. ఒక లారీ గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవుచున్నది. వెనుకనున్న కారు 60 కిలోమీటర్ల వేగమున దానిని దాటిపోదలచినది. రెండింటి వేగములకు గల భేదము గంటకు 10 కిలోమీటర్లు, అనగా సెకనుకు మూడు మీటర్లకు లోపు. లారీ పొడవును, దానికి వెనుకను ముందును విడువవలసిన ఎడమును కలిపి 50 మీటర్లనుకొన్నచో, దాటుటకు సుమారు 18 సెకనులు పట్టును. ఆ 18 సెకనులలో కారు 300 మీటర్లు పోవును. ఎదుటినుండి మరియొక బండి అదే వేగమున వచ్చుచున్నచో అదియు 300 మీటర్లు వచ్చును. అనగా 600 మీటర్ల దూరము ఎదుటి రోడ్డు కంటికి స్పష్టముగా కనబడిననే గాని దాటుట క్షేమము కాదు. మలుపులో నూరు మీటర్లు కూడ కనబడదు. మన కన్ను చూడలేని దానిని ఇంజనీరు ముందుగా కొలిచి చూచి గీచిన గీత అది. దానిని దాటువాడు తన కన్ను ఇంజనీరు కొలత కంటె గొప్పదని పందెము కాయుచున్నాడు. ఆ పందెమున ఒడ్డునది తన ప్రాణము మాత్రమే కాదు, ఎదుటి బండిలోని కుటుంబమును గూడ.

కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించిన లెక్కల ప్రకారము 2022 వ సంవత్సరమున మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవి. 1,68,491 మంది మరణించిరి. ఈ మరణములలో నూటికి సుమారు ఐదు, తప్పుదిశలో నడుపుటవలన కలిగినవని ఆ నివేదికయే తెలుపుచున్నది. నూటికి ఐదనగా చిన్నమాట వలె వినబడును. లెక్కవేసి చూచినచో అది ఒక సంవత్సరమున ఎనిమిది వేలకు పైబడిన మరణములు.

ఇప్పుడు చట్టము సంగతి. మన దేశమున ఈ విషయమునకు మూలము 1988 నాటి మోటారు వాహనముల చట్టము. దానిలోని 118 వ సెక్షను ప్రకారము కేంద్రప్రభుత్వము బండి నడుపుటకు నియమములను చేయును. 1989 లో చేసిన పాత నియమముల స్థానమున 2017 లో క్రొత్త నియమములు వచ్చినవి. లేనులు గీచియున్న రోడ్డుమీద తన లేనులోనే పోవలెననియు, లేను మారునపుడు ముందుగా సైగ చూపవలెననియు అవి విధించుచున్నవి. 2019 లో చట్టమును సవరించినపుడు 177-ఏ అను సెక్షను చేరినది. ఈ నియమముల నతిక్రమించినవారికి 500 రూపాయలకు తక్కువ కాకుండ, 1,000 రూపాయల వరకు జరిమానా విధింపవచ్చునని దాని సారాంశము.

అయితే ఇక్కడ ఒక భేదమును గమనింపవలెను. లేను తప్పుట వేరు. చట్టవిరుద్ధముగా ముందు బండిని దాటిపోవుట, ఎదురుదిశలో నడుపుట వేరు. ఈ రెండవ కోవకు చెందినవి, ఇతరులకు అపాయము కలిగించు రీతిని జరిగినపుడు, 184 వ సెక్షను క్రింద అపాయకరముగా నడుపుట యనిపించుకొనును. దానికి మొదటిసారియే ఆరునెలలకు తక్కువ కాకుండ ఏడాది వరకు కారాగారమో, 1,000 మొదలు 5,000 రూపాయల వరకు జరిమానాయో, రెండునో కలుగవచ్చును. కావున చలానా వచ్చినపుడు మొత్తమును మాత్రమే చూచి ఊరకుండరాదు. ఏ సెక్షను క్రింద వచ్చినదో చదువవలెను. మొత్తము మన సంచికి సంబంధించినది. సెక్షను మన పేరుకు, లైసెన్సుకు సంబంధించినది.

పూర్వము పోలీసు ఎదుట నిలిచి ఆపినపుడే చలానా. ఇపుడు స్తంభము మీది కెమెరాయును వ్రాయును. 2019 సవరణలో చేరిన 136-ఏ సెక్షనును, 2021 ఆగస్టులో దానికి అనుబంధముగా వచ్చిన నిబంధనలును ఈ పద్ధతికి ఆధారము. పెద్ద నగరములందును, ప్రమాదములధికముగా గల రహదారులందును ఇట్టి యంత్రముల నుంచవలెను. యంత్రమునకు ఆమోదపత్రము ఉండవలెను. కెమెరా గలదని ప్రజలకు తెలుపు బోర్డు ముందుగా కనబడవలెను. పంపు నోటీసులో తప్పును, నంబరు పలకను స్పష్టముగా చూపు ఛాయాచిత్రము, తేది, వేళ, స్థలము, అతిక్రమించిన సెక్షను ఉండవలెను. ఆ చిత్రము న్యాయస్థానమున సాక్ష్యముగా చెల్లుటకు తగిన ధ్రువపత్రమును గూడ జతపరుపవలెను. నోటీసు పదిహేను దినములలో పంపవలెనని 2021 నిబంధన. ఇట్టి గడువులు ఎప్పటికప్పుడు సవరింపబడును గనుక, చెల్లించుటకైనను ఆక్షేపించుటకైనను నోటీసుమీద ముద్రించిన తేదినే ప్రమాణముగా గొనుట మంచిది.

ఇక గృహస్థు చేయదగిన పనులు వరుసగా చెప్పెదను.

మొదటిది, వచ్చిన సందేశము నిజమైనదేనా యని చూచుట. చలానా పేరుతో మోసగాండ్రు పంపు సందేశములు నేడు విస్తారముగా వచ్చుచున్నవి. వాటితో పాటు ఏపీకే అను ఫైలు నొకదానిని పంపుదురు. దానిని నొక్కినంతనే సెల్‌ఫోను వారి చేతికి పోవును. బ్యాంకు పైకము పోవును. ప్రభుత్వము ఏ చలానాకును ఫైలు దింపుకొనుమని కోరదు. సందేశములోని దారిని నొక్కక, కేంద్రప్రభుత్వపు పరివాహన్ ఈ-చలానా స్థలమునకో, రాష్ట్ర పోలీసువారి చలానా స్థలమునకో మీరే స్వయముగా పోయి, బండి నంబరు ఇచ్చి చూడవలెను. అక్కడ ఉన్నచో నిజము, లేనిచో మోసము. ఇంటిలో పెద్దవారికి ఈ సంగతిని చదువుకొన్న పిల్లలు తప్పక చెప్పవలెను.

రెండవది, ఛాయాచిత్రమును నిదానముగా చూచుట. అందులోని బండి మనదేనా? రంగు, తయారీ సరిపోయినవా? నంబరులో ఒక అంకె పొరబడినదా? మన నంబరునే మరియొకడు తన బండికి తగిలించుకొని తిరుగుట కూడ కలదు. స్కూటరు ఉన్న ఇంటికి కారు పేర చలానా వచ్చినచో సంగతి అప్పుడే తెలియును. అట్టియెడ ఊరకుండరాదు. చలానా స్థలమున ఆక్షేపణ తెలుపుటయే గాక, పోలీసుస్టేషనులో వ్రాతమూలకముగా ఫిర్యాదు ఇచ్చి నకలు పుచ్చుకొనవలెను. నేడు లేను తప్పినందుకు వచ్చిన నోటీసు, రేపు ఆ దొంగ నంబరు బండి ఎవరినైన గుద్దిపోయినచో, మన గుమ్మమునకు పోలీసులనే తెచ్చును.

మూడవది, నడిపినదెవరో తేల్చుట. బండి తండ్రి పేరనుండి కుమారుడు నడిపియుండవచ్చును. కిరాయికిచ్చిన ఆటోను వేరొకరు నడిపియుండవచ్చును. నడిపినవారి పేరు, చిరునామా అధికారి అడిగినపుడు తెలుపుట యజమాని విధియని 133 వ సెక్షను చెప్పుచున్నది. బండి అమ్మివేసినవారికి ఇంకొక చిక్కు కలదు. కాగితముల మీద పేరు మారనంతవరకు చలానాలు పాత యజమాని యింటికే వచ్చును. అదే రాష్ట్రములో అమ్మినచో పదునాలుగు దినములలోగా ఆ సంగతి రవాణా అధికారికి తెలుపవలెనని చట్టము. స్నేహితునికే గదా అమ్మితిమి, అతడే మార్పించుకొనును లెమ్మని ఊరకున్నవారు, రెండేండ్ల తరువాత తామెన్నడును చూడని ఊరి కూడలినుండి నోటీసు లందుకొనుచున్నారు. స్నేహము మంచిదే, దానికి తోడు ఒక కాగితము ఇంకను మంచిది.

నాలుగవది, నిర్ణయము. తప్పు మనదని చిత్రములో స్పష్టముగా ఉన్నచో, చెల్లించుటయే మార్గము. దీనికి 200 వ సెక్షను వీలు కల్పించినది. కోర్టుకు పోవుటకు ముందే రాష్ట్రప్రభుత్వము నిర్ణయించిన మొత్తమును అధికారికి చెల్లించినచో కేసు ముగియును. ఈ మొత్తమును ఏ రాష్ట్రమునకా రాష్ట్రమే నిర్ణయించును గనుక ఒక రాష్ట్రమునకు పొరుగు రాష్ట్రమునకు భేదముండవచ్చును. రశీదును మరువక భద్రపరుపవలెను. అయితే చెల్లించినంతనే పలక తుడిచినట్లు తప్పు మాసిపోవునని తలంపరాదు. 2019 సవరణ తరువాత, ఇట్లు రాజీపడి చెల్లించినదియు, మరల అదే తప్పు చేసినపుడు, మొదటి తప్పుగా లెక్కకు వచ్చును.

ఐదవది, తప్పు మనది కాదని నమ్మకము కలిగినచో వాదించుట. చలానాను ఆక్షేపించుట దుడుకుతనము కాదు. అది చట్టమే ఇచ్చిన హక్కు. ఎట్టి సందర్భములలో ఆక్షేపణకు బలము కలుగును? అంబులెన్సు వెనుకనుండి మ్రోగుచు వచ్చినది. దానికి దారి యిచ్చుటకు బండి గీత దాటి ప్రక్కకు జరిగినది. అంబులెన్సుకు దారి విడువనివారికి ఆరునెలల వరకు కారాగారమో, 10,000 రూపాయల జరిమానాయో, రెండునో అని అదే చట్టములోని 194-ఇ సెక్షను చెప్పుచున్నది. కావున దారి యిచ్చినవానిని దండించుట న్యాయము కాదని చెప్పుకొనుటకు బలమైన ఆధారము కలదు. లేదా, కూడలిలో నిలిచిన పోలీసే చేయి చూపి ఆ వరుసలోనికి పొమ్మనెను. లేదా, తన వరుసలో చెట్టు విరిగి పడియున్నది; గొయ్యి త్రవ్వియున్నది. లేదా, గీత పూర్తిగా చెరిగిపోయి వానలో కంటికే కనబడని స్థితిలో ఉన్నది. వీటికి సాక్ష్యము కావలెను. ఆ దినమే ఆ స్థలపు ఛాయాచిత్రము తీసికొనుట, వెంటనున్నవారి పేర్లు వ్రాసికొనుట, కారులో కెమెరా ఉన్నచో ఆ దృశ్యమును చెరిపివేయక దాచుట – ఇవి ఉపకరించును. నెల గడచిన తరువాత జ్ఞాపకము మాత్రమే సాక్ష్యమన్నచో, దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లుండును.

ఆక్షేపణ అంగీకరింపబడక సంగతి కోర్టుకు పోయినచో భయపడవలసినది లేదు. జరిమానా మాత్రమే గల తప్పులకు సమను పంపునపుడు, స్వయముగానో న్యాయవాది ద్వారానో హాజరు కావచ్చుననియు, లేక తప్పు నంగీకరించి, నిర్ణీత మొత్తమును పంపి, మనియార్డరు ద్వారానే ముగించుకొనవచ్చుననియు కోర్టు ఆ సమనులోనే తెలుపవలెనని 208 వ సెక్షను విధించినది. దూరపు ఊళ్లవారికి, కూలి చెడగొట్టుకొనలేనివారికి ఇది గొప్ప వెసులుబాటు. ఢిల్లీలో 2019 లో ట్రాఫిక్కు కేసులకై దూరమునుండియే విచారించు వర్చువల్ కోర్టు ఆరంభమైనది. తరువాత మరికొన్ని రాష్ట్రములును ఆ మార్గమును పట్టినవి. పెక్కు రాష్ట్రములలో లోక్ అదాలతులందు గూడ చలానాలు పరిష్కారమగుచున్నవి. అక్కడ ఇచ్చు తీర్పుపై అప్పీలు లేదన్న సంగతి మాత్రము ముందుగా తెలిసికొని పోవలెను.

చేయదగినవి చెప్పితిని. చేయరానివి మూడు కలవు.

రోడ్డుప్రక్క నిలిపినపుడు నోట్లు మడిచి చేతిలో పెట్టుట మొదటిది. పదివందలు పోవుచోట రెండువందలతో పోయినదని సంతోషించువారు, 2018 లో అవినీతి నిరోధక చట్టమునకు వచ్చిన సవరణను తెలిసికొనవలెను. లంచము పుచ్చుకొనువానితో పాటు ఇచ్చువాడును ఇపుడు నేరస్థుడే. ఏడేండ్ల వరకు శిక్ష పడవచ్చును. బలవంతము చేసి పుచ్చుకొన్నచో, ఏడు దినములలోగా తగిన అధికారికి తెలిపినవానికి మాత్రము రక్షణ కలదు. జరిమానా ఖజానాకు పోవును. లంచము అలవాటునకు పోవును. యూనిఫారములో నున్న పోలీసు అడిగినచో లైసెన్సు చూపుట మన విధి. డిజిలాకరులోనో, ఎం-పరివాహన్‌లోనో ఉన్న పత్రములను చూపినను చెల్లునని 2018 నుండి నియమము కలదు గనుక, కాగితము ఇంటివద్ద మరచితినన్న భయముతో బేరమునకు దిగవలసిన పని లేదు.

నంబరు పలకను వంచుట, అంకెకు బురద పూయుట, గుడ్డ కట్టుట రెండవది. ఇది యువకులలో చమత్కారముగా చెలామణి యగుచున్నది. కెమెరాకు చిక్కకుండుటకు చేసిన ఈ పని, ప్రమాదము జరిగి మన బిడ్డయే తెలివి తప్పి పడియున్నపుడు, ఎవరి బిడ్డయో తెలియకుండ గూడ చేయును.

ఊరకుండుట మూడవది. దీనికి తప్పంతయు ప్రజలదేనని చెప్పలేము. తెలంగాణములో 2022 మార్చిలో పాత చలానాలపై పెద్ద తగ్గింపు నిచ్చిరి. 2023 డిసెంబరులో మరల అట్టి తగ్గింపు ప్రకటించిరి. పేరుకొనిపోయిన బాకీలు వసూలగుటకు అది ఉపాయమే. బీద ఆటోవారికి, కూలివారికి ఊరటయే. అయినను, మొదటి వారమునందే పూర్తి మొత్తమును చెల్లించిన గుమాస్తా తెల్లబోయెను. ఏండ్ల తరబడి ఊరకున్నవాడు నవ్వెను. చట్టమును పాటించినవాడు అమాయకుడనియు, పాటింపనివాడు గడుసరియనియు తోచు దినమున గీతకు విలువ మరికొంత చెరిగిపోవును. బీదవారికి వెసులుబాటు కల్పింపదలచినచో, తప్పు చేసిన దినముననే వారు భరింపగల మొత్తము నిర్ణయించుట, వాయిదాలలో చెల్లించు వీలు కల్పించుట మేలు కాదా? దినమునకు ఎనిమిదివందలు తెచ్చు ఆటోవానికి వేయిరూపాయల జరిమానా, లక్షల కారు నడుపువానికి వేయిరూపాయల జరిమానా, అంకెలో ఒకటియే. బరువులో ఒకటి కాదు. ఇది పాలకులు ఆలోచింపదగిన మాట.

పాలకులు ఆలోచింపదగిన మాట మరియొకటి కూడ కలదు. ప్రజలు గీత దాటరాదన్నచో, గీత ఉండవలెను గదా! వేసిన గీత చెరిగిపోయి తిరిగి వేయక, రోడ్డు త్రవ్వి పూడ్చినపుడు గీతను మరచి, అదే చోట కెమెరా మాత్రము కన్ను మూయక పనిచేయుట న్యాయమనిపించుకొనదు. గీతల వెడల్పు, పొడవు, రంగు ఎట్లుండవలెనో భారత రోడ్ల కాంగ్రెసు తన 35 వ సంపుటములో వివరముగా నిర్దేశించియున్నది. రోడ్డును ప్రమాణము ప్రకారము నిర్మింపక, కాపాడక, ఆ కారణమున మరణమో అంగవైకల్యమో కలిగినచో బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించు 198-ఏ సెక్షను 2019 లోనే చట్టమున చేరినది. చలానా ప్రజల చేతికి వచ్చునంత సులభముగా ఈ సెక్షను కంట్రాక్టరు చేతికి పోవుచున్నదా యని అడుగు హక్కు, తన జరిమానాను నిజాయితీగా చెల్లించిన పౌరునికి పూర్తిగా కలదు. చెల్లింపనివాడు ఆ ప్రశ్నను ఏ నోటితో అడుగును?

ఇక అందరును చెప్పు సమాధానమొకటి మిగిలినది: అందరును దాటుచున్నారు, నేనొక్కడనే ఆగినచో వెనుకనుండి హారను మ్రోగింతురు, నలుగురితో నారాయణా అనక తప్పదు, అని. ఈ వాదమున సగము నిజము కలదు. హైదరాబాదు నగరమున సాయంకాలము ఆరుగంటలకు తన వరుసలో నిలిచి యుండుట ఓరిమికి పరీక్షయే. కాని ఎదుట పదిబండ్లు నిలిచియుండగా పదునొకండవవాడు గీత దాటి ప్రక్క వరుసలో దూరినచో ఏమగును? ఎదుటినుండి రావలసిన బండి ఆగును. దాని వెనుకనున్న బస్సు ఆగును. బస్సు వెనుక అంబులెన్సు ఆగును. తనకు రెండు నిమిషములు కలిసివచ్చినవని అతడనుకొనును. ఆ రెండు నిమిషములు ఎవరి లెక్కనుండి తీసికొనబడినవో అతనికి తెలియదు. నలుగురు నడుచు దారి అని మన పెద్దలనినది నలుగురు కలిసి చేసిన తప్పును గాదు. నలుగురికి చోటు మిగిల్చి నడుచు నడకను.

కావున ప్రతి గృహమునందును రెండు మూడు అలవాట్లు కలిగించుకొనుట మంచిది. నెలకొకసారి బండి నంబరుతో చలానా స్థలమును చూచుట. రవాణా కార్యాలయమున మన సెల్‌ఫోను నంబరు సరిగా నమోదైనదో లేదో తెలిసికొనుట. బండి అమ్మినను కొనినను పేరు మార్పు కాగితము చేతికి వచ్చువరకు విడువకుండుట. పిల్లలకు బండి తాళపుచెవి ఇచ్చుటకు ముందు, బండి నడుపుట మాత్రమే గాక, రోడ్డుమీది గీతలను చదువుట గూడ నేర్పవలెను. అక్షరములు నేర్చుటకు సంవత్సరము పట్టును. ఈ గీతల భాష నేర్చుటకు ఒక సాయంకాలము చాలును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యని పెద్దలమాట. త్రొక్కినవారు కాలు కడుగుకొనుటకు చట్టము మార్గము చూపినది. త్రొక్కకుండుటకు మార్గము రోడ్డుమీదనే తెల్లగా గీచి యున్నది.

కెమెరా ఉన్న కూడలిలో గీతను పాటించువాడు జరిమానాకు భయపడినవాడు. కెమెరా లేని పల్లెరోడ్డు మలుపులో, నడిరాత్రి, ఎవరును చూడని వేళ గీతను పాటించువాడు, తానెన్నడును ఎరుగని ఒక ఇంటివారిని క్షేమముగా ఇల్లు చేర్చినవాడు. అట్టివారి పేర ఏ చలానాయు రాదు, ఏ బిరుదును రాదు. కాని ఆ రాత్రి తమవాడు ఇల్లు చేరిన ఆ యింటిలో దీపము మాత్రము వేళకు ఆరును.